రైస్ కుక్కరా, ప్రెషర్ కుక్కరా: విదేశాలకు చదువుకు వెళ్లేవారికి ఏది మేలు?

జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే బెంగళూరులో మారతహళ్లి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లలో సూట్‌కేసులు అటకల మీద నుంచి కిందికి దిగుతాయి. ఒకరింట్లో అమ్మాయి అమెరికాకు, పక్కింట్లో అబ్బాయి జర్మనీకి. వీసా, ఫీజులు, గది వంటివి పిల్లలే చూసుకుంటారు. వంట సామాను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటిల్లిపాదీ తలో మాట చెబుతారు. జర్మనీలో చదువుకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను కాబట్టి మా అపార్ట్‌మెంటులో ఏటా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ప్రెషర్ కుక్కరు పంపాలా, కరెంటు రైస్ కుక్కరు పంపాలా, లేక అక్కడికి వెళ్లాక ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కరు కొనుక్కోమనాలా? ఈసారి మా పిన్ని కూతురు మ్యూనిక్ వెళ్తోంది. మా ఇంట్లోనూ ఇదే చర్చ జరిగి, ఒక నిర్ణయానికి వచ్చాం. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది అన్నం వండుకోవడం ఎలా అన్న ఆలోచనతో మొదలుపెడతారు. నా దృష్టిలో మొదట ఆలోచించవలసింది పప్పు గురించి. మూత సరిగా పట్టే గిన్నె ఉంటే అన్నం ఎక్కడైనా ఉడుకుతుంది. ఎసరు పెట్టి గంజి వార్చడం తెలిస్తే ఇంకా నిశ్చింత. కందిపప్పు అలా లొంగదు. మామూలు గిన్నెలో పెడితే ముప్పావు గంట, గంట పడుతుంది. నురుగు పొంగి పొయ్యి మీద పడుతుంది. అంతసేపు ఉడికించినా కొన్నిసార్లు బద్ద బద్దగానే ఉండిపోతుంది. సాయంత్రం ఆరింటికి ప్రయోగశాల నుంచి ఆకలితో వచ్చిన విద్యార్థికి ఆ ఓపిక ఎక్కడుంటుంది? రెండు వారాలు ప్రయత్నించి మానేస్తారు. ఆ తర్వాత బ్రెడ్డు, నూడుల్స్, గుడ్లు. ఇంట్లో రోజూ పప్పు తిని పెరిగిన పిల్లలు అక్కడికి వెళ్లిన మొదటి చలికాలంలోనే నీరసపడటం నేను చూశాను. కిలో కందిపప్పు ఇద్దరికి చాలా రోజులు వస్తుంది, టమాటాతోనో పాలకూరతోనో కలిపి వండితే కడుపు నిండుతుంది, ఖర్చూ తక్కువ. అందుకే పప్పు వండుకోగలిగే ఏర్పాటు ఉందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

కుక్కరులో పప్పు త్వరగా ఎందుకు మెత్తబడుతుందో బెంగళూరు వాళ్లకు సులువుగానే చెప్పవచ్చు. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. విజయవాడ నుంచి వచ్చిన అత్తగారు, ఇక్కడ గిన్నెలో పప్పు ఆలస్యంగా ఉడుకుతోందంటే అందులో నిజముంది. ప్రెషర్ కుక్కరులో ఆవిరి బయటికి పోకుండా ఆగడం వల్ల నీటి వేడి 120 డిగ్రీల వరకూ చేరుతుంది. పప్పును లొంగదీసేది ఆ అదనపు వేడి. అమెరికాలో డెన్వర్ వంటి ఊరు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి గిన్నెలో కందిపప్పు గురించి మరచిపోవడమే మంచిది.

నీళ్ల సంగతి కూడా ఉంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు పైపొర గట్టిపడి ఉడకడం మొరాయిస్తుంది. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ట్యాంకరు నీళ్లతో వండేవాళ్లకు ఇది రోజువారీ అనుభవం: కావేరి నీళ్లు వచ్చిన రోజు మూడు విజిల్స్‌కు వెన్నలా అయ్యే పప్పు, బోరు నీళ్లు పోసిన రోజు ఐదు వచ్చినా కుదరదు. మ్యూనిక్ నీళ్లూ కఠినమైనవే. కెటిల్‌లో కొన్నాళ్లకే తెల్లటి సున్నపు పొర కడుతుంది. మా చెల్లెలి విషయంలో రైస్ కుక్కరు ఆలోచనను పక్కన పెట్టడానికి ఇదే పెద్ద కారణం.

అలాగని రైస్ కుక్కరును తీసిపారేయను. దాని గొప్పదనం దానికుంది. బియ్యం, నీళ్లు పోసి మీట నొక్కి వెళ్లిపోవచ్చు. నీళ్లన్నీ బియ్యం పీల్చుకున్నాక గిన్నె అడుగు వేడి వంద డిగ్రీలు దాటుతుంది, దాంతో అడుగున ఉన్న అయస్కాంతం పట్టు వదిలి మీట టక్కున పైకి లేస్తుంది. 1955లో తోషిబా కంపెనీ జపాన్‌లో అమ్మకానికి పెట్టినప్పటి నుంచీ దాని పని అదే: వండేవారు పక్కన లేకపోయినా అన్నం మాడకుండా చూడటం. పరీక్షల రోజుల్లో ఆ మీట విలువ తెలుస్తుంది. ఆవిరి తట్టలో కూరగాయలూ ఉడికించుకోవచ్చు. పెసరపప్పు, ఎర్రపప్పు కూడా ఓ మాదిరిగా అవుతాయి. కందిపప్పు వేస్తే మాత్రం మూత రంధ్రంలోంచి నురుగు ఎగజిమ్మి, వంటగది గట్టంతా పసుపు మరకలు. పైగా లోపలి గిన్నెకు నాన్‌స్టిక్ పూత ఉంటుంది; అందులో స్టీలు పప్పుగుత్తి తిప్పితే పూత లేచిపోతుంది.

రైస్ కుక్కరు గురించి అసలు చెప్పవలసింది కరెంటు సంగతి. బెంగళూరులో కొన్న కుక్కరు 230 వోల్టులది. జర్మనీ, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లాండ్‌లలో కూడా 230 వోల్టులే కాబట్టి అక్కడ పనిచేస్తుంది, ప్లగ్గు ఆకారం ఒక్కటే మారుతుంది. అమెరికా, కెనడాలలో 120 వోల్టులు. వోల్టేజీ సగానికి పడితే వేడి సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 700 వాట్ల కుక్కరు అక్కడ 190 వాట్లే ఇస్తుందన్నమాట. బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొనడం డబ్బు దండగ, బరువు అదనం. ప్లగ్గు మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు. ఈ రెండింటికీ తేడా తెలియక పంపే తల్లిదండ్రులు చాలామంది. అమెరికా వెళ్లేవారు రైస్ కుక్కరు ఇక్కడి నుంచి మోసుకెళ్లకూడదు. అక్కడ ఇరవై ముప్ఫై డాలర్లకే దొరుకుతుంది.

పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కరుకు ఈ బాధ లేదు. దానికి కావలసింది పొయ్యి. ఏ రకం పొయ్యి అన్నదే ప్రశ్న. జర్మనీ విద్యార్థి వసతి గృహాల్లో గాజు పలక పొయ్యిలు ఎక్కువ, పాత భవనాల్లో ఇనుప పళ్లెం పొయ్యిలు, కొత్తవాటిలో ఇండక్షన్. అమెరికా అపార్ట్‌మెంట్లలో కాయిల్ పొయ్యి, గాజు పలక, గ్యాస్ మూడూ కనిపిస్తాయి. ఇల్లు మారితే పొయ్యి మారుతుంది, విద్యార్థులు ఇల్లు మారుతూనే ఉంటారు. అందువల్ల అన్నింటి మీదా పనిచేసే స్టీలు కుక్కరు, ఇండక్షన్‌కు పనికొచ్చే చదునైన అడుగు ఉన్నది తీసుకోవాలి. మామూలు అల్యూమినియం కుక్కరును ఇండక్షన్ పొయ్యి గుర్తించదు. గాజు పలక మీద పనిచేస్తుంది గానీ వెండిరంగు చారలు పడతాయి, ఖాళీ చేసేటప్పుడు ఇంటివాళ్లు వాటిని చూపించి డిపాజిట్టులో కోస్తారు. డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడుతుంది కూడా.

ఇక్కడి గ్యాస్ పొయ్యి అలవాటున్నవారికి ఒక మాట. గాజు పలక, ఇనుప పళ్లెం పొయ్యిలు ఆపగానే చల్లబడవు. చివరి విజిల్ వచ్చాక మీట తిప్పేసి అలాగే వదిలితే మిగిలిన వేడికి మరో రెండు విజిల్స్ వచ్చి పప్పు అడుగంటుతుంది. మొదటి విజిల్‌కే సెగ బాగా తగ్గించాలి, అయిపోయాక కుక్కరును పక్క పళ్లెం మీదికి జరపాలి. ఈ ఒక్క అలవాటు పడితే చాలు.

విజిల్ చప్పుడు నిజంగానే ఒక లోపం. పంచుకునే వంటగదిలో, ఎప్పుడూ ఆ శబ్దం వినని మనిషి పక్కన కాఫీ కలుపుకుంటుంటే మొదటి కూతకు ఉలిక్కిపడతారు. ముందే చెప్పి ఉంచాలి. జర్మనీలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలన్న నియమం గట్టిగా అమలవుతుంది, కాబట్టి వంట పదిలోపు ముగించాలి. పొగ అలారం భయం కుక్కరుది కాదు, పోపుది. ఎండుమిర్చి మాడిందంటే ఏ కుక్కరు కొన్నా అలారం మోగుతుంది. కిటికీ తెరిచి, చిన్న మంట మీద, మూత చేతిలో పట్టుకుని పోపు వేసుకోవాలి.

ఇక ఇన్‌స్టంట్ పాట్. 2010లో కెనడాలో మొదలైన ఈ కరెంటు ప్రెషర్ కుక్కరును ఉత్తర అమెరికాలోని మనవాళ్లు సొంతం చేసుకున్నారు. అందుకు తగిన కారణాలున్నాయి. అన్నం, పప్పు రెండూ అవుతాయి, విజిల్ ఉండదు, పక్కన నిలబడక్కర్లేదు, అదే గిన్నెలో పోపూ వేసుకోవచ్చు. చాలా నమూనాలకు పెరుగు మీట ఉంటుంది. బయట మైనస్ పది ఉన్నప్పుడు పాలు తోడుకోవన్న దిగులు తీరుతుంది, ఇడ్లీ పిండి పులవడానికీ అదే వెచ్చదనం పనికొస్తుంది. పెరుగన్నం లేకపోతే భోజనం పూర్తికాని ఇంటి పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. లోపాలు: ఒత్తిడి మన కుక్కరు కంటే కొంచెం తక్కువ కాబట్టి కందిపప్పుకు మరికొన్ని నిమిషాలు పెట్టాలి, ఆవిరి పట్టడానికే పది పదిహేను నిమిషాలు పోతుంది. మూతకుండే సిలికాన్ చక్రం వాసన పట్టుకుంటుంది. సాంబారు వండిన మర్నాడు పెరుగు తోడుపెడితే పెరుగులో ఇంగువ వాసన వస్తుంది. సాంబారుకు ఒకటి, పెరుగుకు ఒకటి చొప్పున రెండు చక్రాలు పెట్టుకుంటే ఆ గొడవ తప్పుతుంది. బాగా అమ్ముడయ్యే ఆరు క్వార్టుల (సుమారు 5.7 లీటర్ల) సైజు ఐదు కిలోల పైమాటే. ఇక్కడి నుంచి మోయడం అనవసరం. తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకుందామన్నా 120 వోల్టులది ఇక్కడ పనికిరాదు.

మిగతావి రెండు ముక్కల్లో. జర్మనీ తయారీ డబ్ల్యుఎంఎఫ్, ఫిస్లర్ ప్రెషర్ కుక్కర్లు విజిల్ లేకుండా చక్కగా పనిచేస్తాయి, ధర మాత్రం విద్యార్థి కొనేది కాదు. మైక్రోవేవ్ అన్నం డబ్బాలు ఆపద్ధర్మానికి సరే. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కరు వద్దు. అందులో రాజ్మా సరిగా మరగక కడుపు చెడగొడుతుంది. రాజ్మాను కనీసం పది నిమిషాలు తెర్లే నీటిలో ఉడికించి తీరాలి.

నా ఓటు ఎటో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. యూరప్, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లేవారు మూడు లీటర్ల స్టీలు ప్రెషర్ కుక్కరు తీసుకెళ్లాలి. అన్నం కూడా అందులోనే. అమెరికా, కెనడా వెళ్లేవారికీ మొదటి నెలల కోసం అదే పంపుతాను, ఎందుకంటే దిగిన మర్నాటి నుంచే పప్పన్నం తినవచ్చు. ముగ్గురు నలుగురు కలిసి ఉంటే నవంబరు తగ్గింపు ధరల్లో అందరూ డబ్బులు వేసుకుని ఇన్‌స్టంట్ పాట్ కొనుక్కోవచ్చు. వంటంటే బొత్తిగా ఇష్టం లేని, పెసరపప్పుతో సరిపెట్టుకోగల పిల్లలకు రైస్ కుక్కరే నయం. వాళ్లచేత బలవంతాన విజిల్స్ లెక్కపెట్టించడం కంటే అది మేలు.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మల్లేశ్వరంలోనో చిక్‌పేటలోనో పాత్రల దుకాణానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. కుక్కరు అడుగుకు గట్టిగా అంటుకుంటేనే ఇండక్షన్‌కు పనికొస్తుంది. ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 2347 అన్న అంకె ఉన్నాయేమో చూడండి. రెండు లీటర్లది తీసుకోవద్దు. అడుగు చిన్నదైతే కొన్ని ఇండక్షన్ పొయ్యిలు గుర్తించవు, పైగా పప్పు సగానికి మించి పోయకూడదు కాబట్టి ఒక పూటకే సరిపోతుంది. విమానంలో చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. లోపలి ఖాళీని వృథా పోనివ్వకుండా పోపుల డబ్బా, పప్పుగుత్తి, పచ్చడి పొట్లాలు అందులోనే సర్దవచ్చు.

చివరగా రబ్బరు. కుక్కరు ఎన్నేళ్లయినా వస్తుంది, మూత రబ్బరు రాదు. సాగిపోతే ఆవిరి పక్కల నుంచి పోయి విజిలే రాదు. అదే కంపెనీ, అదే సైజు రబ్బరు అక్కడ వెతికి పట్టుకోవడం కష్టం. కుక్కరు కొన్న దుకాణంలోనే రెండు రబ్బర్లు, ఒక సేఫ్టీ వాల్వు, ఒక విజిల్ అదనంగా కొని, మూతకు పెట్టి చూసి, సరిపోయాకే కట్టించుకోండి.