చెన్నై ఇంట్లో ఏది పెంచాలి: పాల పుట్టగొడుగా, ముత్యపు చిప్ప పుట్టగొడుగా?

కోడంబాక్కంలో, విల్లివాక్కంలో ఖాళీగా ఉన్న చిన్న గదిలో పుట్టగొడుగులు పెంచుదామనుకునే మనవాళ్లు మొదట తడబడేది ఈ ప్రశ్న దగ్గరే.

వేడి: కాలోసైబ్ ఇండికా అనే పాల పుట్టగొడుగు 30 నుంచి 35 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది. ముత్యపు చిప్పకు 20 నుంచి 28 డిగ్రీలు కావాలి. చెన్నై మే నెలలో తడి గోనెసంచులు ఎన్ని వేలాడదీసినా అంత చల్లదనం దక్కడం కష్టం.

శ్రమ: వరిగడ్డిని నానబెట్టి, వేడినీటిలో ఉడికించి, పిండితే చుక్క రాలనంతగా ఆరబెట్టి, విత్తనంతో పొరలుగా సంచిలో నింపడం రెండింటికీ ఒకటే. అయితే పాల పుట్టగొడుగుకు, సంచి అంతా పుట్టగొడుగు తెల్లటి పోగులు అల్లుకున్నాక, ఆవిరిలో శుద్ధి చేసిన మట్టిని రెండు సెంటీమీటర్ల మందాన పైన పరచి రోజూ తడపాలి. కొత్తవారు ఎక్కువగా చెడగొట్టుకునేది ఇక్కడే, ఎందుకంటే శుద్ధి సరిగా లేని మట్టి మీద ఆకుపచ్చ బూజు త్వరగా పడుతుంది.

సమయం: ముత్యపు చిప్ప దాదాపు మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది, పాల పుట్టగొడుగుకు నెలన్నర ఓపిక పట్టాలి.

నిలవ: ముత్యపు చిప్ప ఒకటి రెండు రోజుల్లోనే వాడిపోతుంది. పాల పుట్టగొడుగు చాలా రోజులు తెల్లగా, గట్టిగా ఉంటుంది. దాని లావుపాటి కాడ మసాలా కూరలో కూడా చితికిపోదు కనుక అదంటే నాకు అభిమానం.

ముత్యపు చిప్ప విడిచే బీజరేణువుల వల్ల కొందరికి దగ్గు వస్తుంది కనుక ఆస్తమా ఉన్న ఇంట్లో దాన్ని పెంచకపోవడం మంచిది. డిసెంబరు, జనవరిలో తొలిసారి చేతులు పెట్టేవారికి ముత్యపు చిప్ప, వేసవిలో పెంచి దుకాణానికి అమ్మదలచినవారికి పాల పుట్టగొడుగు నప్పుతాయి.