ఊరెళ్లినప్పుడు ఇంటికి వైఫై కెమెరా: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

సంక్రాంతికి, వేసవి సెలవులకు హైదరాబాద్ నాగోలులో ఇంటికి తాళం వేసి భీమవరం దగ్గర మా ఊరెళ్లడం, అక్కడి నుంచి ఫోన్లో ఇల్లు చూసుకోవడం కొన్నేళ్లుగా మాకు అలవాటైపోయింది. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, కొనండి, కానీ దొంగను ఆపుతుందని మాత్రం కొనకండి. అది చూపిస్తుంది. చూశాక మీరు ఎవరికి ఫోన్ చేస్తారు, వాళ్లు ఎంతసేపట్లో మీ గేటు దగ్గరికి రాగలరు అన్నది మీరే చూసుకోవాలి.

నేను వాడేవి రెండు, ఒకటి గేటూ వరండా కనిపించేలా బయట, ఇంకోటి హాల్లో తలుపు వైపు. ఒక్కోటి మూడు వేల లోపే. 128 జీబీ మెమరీ కార్డు వేశాను, వారానికి పైగా రికార్డింగ్ ఉంటుంది, నిండాక పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. రాత్రి గేటు దగ్గర నిలబడ్డ మనిషిని గుర్తుపట్టొచ్చు, వీధి అవతలుంటే మాత్రం నీడే. కొందరు కిటికీ లోపల పెట్టి అద్దంలోంచి బయటికి తిప్పుతారు, చీకటి పడ్డాక కెమెరా వదిలే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆ అద్దానికే తగిలి తిరిగొస్తుంది, తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. ఎండకీ వానకీ తట్టుకునే రకం కొని బయటే బిగించండి.

అన్నిటికంటే విసిగించేది అలర్టులు. భోగి ముందురోజు రాత్రి అందరం పడుకున్నాక ఫోన్ మోగడం మొదలైంది, ఆగి ఆగి మళ్లీ మళ్లీ. తెరిస్తే తెర సగం మీద తెల్లగా ఏదో ఊగుతోంది, మా ఆవిడకి టెన్షన్, నాకూ గుండె దడ. తీరా చూస్తే లెన్స్ ముందు సాలెగూడు! రాత్రి ఆ వెలుగుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడూ బల్లీ వస్తాయి. ఇలాంటివి నాలుగు వచ్చాయంటే ఐదోది మనం చూడం, అసలు ప్రమాదం అక్కడే. యాప్‌లో మనిషి కదిలితేనే అలర్టు ఇచ్చే ఆప్షన్ ఉంటే పెట్టుకోండి, కెమెరా చూసే చోటును మీ గేటు వరకే గీసుకోండి, బయల్దేరే రోజు లెన్స్ చుట్టూ చీపురుతో దులపండి.

రెండోది కరెంటు. ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసేస్తాం కదా, రౌటర్ కూడా పోతుంది. మేం ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రౌటర్, కెమెరాల లైనుని వేరే ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఉండే స్విచ్) మీదికి మార్పించాం, అది తప్ప మిగతావన్నీ దించేస్తాం. రౌటర్‌కి చిన్న యూపీఎస్ కూడా పెట్టాం, రెండు మూడు గంటలు లాగుతుంది. వేసవిలో గాలివాన వస్తే అదీ చాలదు, కానీ నెట్ లేకపోయినా కెమెరాకి కరెంటుంటే కార్డులో రికార్డవుతూనే ఉంటుంది. ఆ కార్డు కూడా చడీచప్పుడు లేకుండా చచ్చిపోగలదు, లైవ్ మామూలుగానే కనిపిస్తుంది, వెనక్కి వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. అందుకే బయల్దేరే ముందు లైవ్ చూసి సరిపెట్టుకోకుండా నిన్నటి రికార్డింగ్ తెరిచి చూడండి. పాస్‌వర్డ్ మార్చడం, ఓటీపీ లాగిన్ పెట్టడం వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక కెమెరా చేయలేని పని మా పక్కింటి ఆంటీ చేస్తారు. పండగ రోజుల్లో వీధంతా ముగ్గులుండి మన వాకిలి ఒక్కటే ఎండిపోయి ఉంటే ఇంట్లో ఎవరూ లేరని ఎవరికైనా తెలిసిపోతుంది. పనమ్మాయి రోజూ వచ్చి కళ్లాపి చల్లి ముగ్గేస్తుంది, ఆంటీ దగ్గరుండి చూసుకుంటారు, సాయంత్రం వరండా లైటు వేస్తారు. పేపరూ పాలూ మానిపిస్తాం. దొంగలు చాలాసార్లు తాళం జోలికే పోరు, రాడ్డుతో గడియ పెకలిస్తారు, కాబట్టి ఖరీదైన తాళంతో పాటు గడియ, దాని స్క్రూలు కూడా చూసుకోండి. బయటికి కనిపించే తాళానికి అడ్డంగా కర్టెన్ వేయమని హైదరాబాద్‌లో పోలీసులు కూడా పండగ ముందు చెబుతుంటారు. స్టేషన్లో చెప్పి వెళ్తే గస్తీకి వచ్చేవాళ్లు మన వీధిలోనూ ఓ చూపు వేస్తారు. ఆంధ్రలోనైతే పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ తెచ్చారు, ఊరెళ్లే తేదీలు చెబితే వాళ్లే ఉచితంగా ఇంట్లో కెమెరా పెట్టే పద్ధతి, మీ ఊళ్లో నడుస్తోందేమో కనుక్కోండి. బంగారం మాత్రం లాకర్లోనే. 2022 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం లాకర్లో దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు, అది మన నగల విలువకు సరిపోకపోవచ్చు, అయినా బీరువా కంటే నయం.

ఇన్నేళ్ల వాడకం తర్వాత బయటి కెమెరాకి నా ఓటు పూర్తిగా ఉంది, పాడైతే మర్నాడే ఇంకోటి తెస్తాను. హాల్లోది మాత్రం ఊరి నుంచి రాగానే ప్లగ్ పీకేస్తాం, ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ తిరిగే చోట నెట్‌కి కలిసిన కెమెరా నడుస్తూ ఉండటం నాకు ఇష్టం లేదు.