లక్షా ఇరవై వేల కోర్సు, 36 రూపాయల కేసు

ఇది ఒక ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ మీద రివ్యూ. ఆ ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు లేదు. గూగుల్ మ్యాప్స్‌లో "శాశ్వతంగా మూసివేయబడింది" అని వస్తుంది, దాని కింద 4.7 రేటింగ్ మాత్రం అలాగే మెరుస్తోంది. ఆ 4.7లో నాదీ ఒక ఐదు నక్షత్రాలుంది. చేరిన రోజే కౌన్సెలర్ అక్క నా ఫోన్‌లోంచి పెట్టించింది, ఐడీ కార్డు ఇవ్వాలంటే అది పెట్టాలంది. పేరు రాయట్లేదు, కేసు ఇంకా నడుస్తోంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ నెల రోజులు తిరిగినవాళ్లకు పేరుతో పని కూడా లేదు.

మాది జమ్మికుంట పక్కన ఊరు, పత్తి వ్యవసాయం. హనుమకొండలో బీటెక్ అయిపోయాక ఏడాది ఇంట్లోనే ఉన్నా. 2023 జులైలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చి ఎస్సార్ నగర్‌లో నలుగురి షేరింగ్ రూమ్‌లో దిగాను. కోర్సు డేటా ఇంజనీరింగ్, ఆరు నెలలు. ఫీజు జీఎస్టీతో కలిపి లక్షా ఇరవై వేలు. బ్రోచర్ మీద "100% జాబ్ గ్యారంటీ" అని అరచేయంత అక్షరాలు, కింద "షరతులు వర్తిస్తాయి" అని చీమ తలకాయంత అక్షరాలు. రిసెప్షన్ వెనక గోడ నిండా ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫొటోలు. వాటిలో ఒకడు మా రూమ్మేట్‌కి మేనబావ అని తర్వాత తెలిసింది. అతనికి ఉద్యోగం కాలేజీ క్యాంపస్‌లోనే వచ్చింది, ఇక్కడికొచ్చి పది రోజులు పైథాన్ డెమో విన్నాడంతే.

"సీట్లు రెండే ఉన్నయ్ చెల్లే, ఇయ్యాల కట్టేస్తే ఆఫర్ ఉంటది" అంది అక్క. ముప్పై వేలు ఫోన్‌పేలో కొట్టాను. మిగతా తొంభై వేలకు ఒక ఫైనాన్స్ కంపెనీ, నెలకు 7,500 చొప్పున పన్నెండు నెలలు, "నో కాస్ట్ ఈఎంఐ". నా ఫోన్ తన చేతిలోకి తీసుకుని ఓటీపీలు నన్ను చదవమని, అగ్రిమెంట్ తనే కిందిదాకా తోసి "అంగీకరిస్తున్నాను" నొక్కేసింది. మొత్తం టీ చల్లారేలోపు అయిపోయింది. నో కాస్ట్ అంటే మనకు ఖర్చు లేదని కాదు, ఇన్‌స్టిట్యూట్ వాళ్ల డబ్బు వాళ్లకు మొదటి వారంలోనే చేరిపోతుందని. ఆ తర్వాత మనకు పాఠం చెప్పినా చెప్పకపోయినా వాళ్లకు రావాల్సింది ఏమీ ఉండదు. ఇలాంటి యాప్ లోన్లకు రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులోనే నియమాలు పెట్టింది. అసలు ఖర్చెంతో చెప్పే ఒక పేజీ ముందే ఇవ్వాలి, మనసు మార్చుకుంటే జరిమానా లేకుండా బయటికి రావడానికి కొన్ని రోజుల గడువు ఉండాలి. ఆ పేజీ నా మెయిల్‌కి వచ్చే ఉంది. నేను తెరిచింది మూడు నెలల తర్వాత.

పాఠాల గురించి న్యాయంగా చెప్పాలి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం అడిగే భాష) చెప్పిన సారుకు ఐదుకి ఐదు. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో నాకెవరూ అలా చెప్పలేదు. రెండు జాబితాల్ని కలిపే లెఫ్ట్ జాయిన్‌ని పెళ్లి భోజనాల లెక్కతో చెప్పాడు: కార్డు పంచినవాళ్ల జాబితా ఎడమవైపు, కట్నం చదివించినవాళ్ల జాబితా కుడివైపు, పిలిచినా రానివాళ్ల ఎదురుగా నల్, అంటే ఖాళీ. ఇవాళ నేను చేస్తున్న ఉద్యోగం ఆ ఆరు వారాల పుణ్యమే. ఈ ఉద్యోగం ఇన్‌స్టిట్యూట్ ఇప్పించింది కాదు, ఏడాది తర్వాత నేనే వెతుక్కున్నది.

ఎస్‌క్యూఎల్ అయ్యాక మొదలైంది. క్లౌడ్ పాఠాలకి నెలలో ముగ్గురు టీచర్లు మారారు, తర్వాత రికార్డెడ్ వీడియోలు పెట్టారు. ల్యాబ్‌లో ఇరవై రెండు సిస్టమ్‌లుండేవి, సెప్టెంబరుకి తొమ్మిదయ్యాయి. ఏసీ పోయింది, ఫ్యాన్లు తెచ్చారు. రియల్ టైమ్ ప్రాజెక్ట్ ఎప్పుడని అడిగితే "ముందు మీ రెజ్యూమేలో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడదాం" అన్నారు. లేని కంపెనీ, లేని జీతం, పీఎఫ్ కూడా వాళ్లే చూసుకుంటారట. మా బ్యాచ్‌లో సగం మందికి పైగా సరేనని సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు. నీతి అని చెప్పుకోను, భయమేసింది. కానీ ఆ సంతకాల సంగతి తర్వాత ఎంత కీలకమైందో చెప్తాను.

సద్దుల బతుకమ్మకు ఊరెళ్లి, దసరా దాటాక అక్టోబరు 26న తిరిగొచ్చాను. షట్టర్ దించి ఉంది. దాని మీద ఏ4 కాగితం: "సాంకేతిక కారణాల వల్ల క్లాసులు ఆన్‌లైన్‌లో." వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా చేసేశారు. వాచ్‌మన్ తాత అన్నాడు, "పండుగ ముందట్నే సామాను లారీల పోయింది బిడ్డా." అంతకు వారం ముందే, 18వ తేదీన, ఒక రాజమండ్రి అమ్మాయి దగ్గర పూర్తి ఫీజు కట్టించుకున్నారు. ఆ రసీదు కేసులో మాకు బంగారమైంది. మూసేస్తామని తెలిసీ డబ్బు తీసుకున్నారనడానికి అంతకన్నా ఏం కావాలి?

స్టేషన్‌కి వెళ్లాం. కాగితం తీసుకున్నారు, "ఇది డబ్బుల తగాదా, కోర్టుకు పొండి" అన్నారు. 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు, నంబరు ఇచ్చి కంపెనీకి మెయిల్ పంపారు. కంపెనీయే లేకపోతే మెయిల్‌కి జవాబు ఎవరిస్తారు. దానికి మూడు నక్షత్రాలు, ఎందుకంటే ఆ ఫిర్యాదు నంబరు తర్వాత మా కాగితాల్లో పనికొచ్చింది.

మా మూడు బ్యాచ్‌లు కలిపి డెబ్భై మందికి తక్కువ కాదు. మీటింగ్ అని పార్కులో కూర్చుంటే మొదటి ఆదివారం నలభై మంది వచ్చారు. రెండో ఆదివారం పదిహేను. చివరికి సంతకం పెట్టింది పదకొండు మంది. మిగిలినవాళ్లు పిరికివాళ్లని అప్పట్లో తిట్టుకున్నాను. తర్వాత మాతో చదివిన ఖమ్మం అన్న ఒకరోజు మెల్లగా చెప్పాడు: "దొంగ ఎక్స్‌పీరియన్స్‌కి సంతకం పెట్టినోడు జడ్జి ముందుకెట్ల వస్తడు?" ఆ సంతకాల పని అది. ఉద్యోగాల కోసం పెట్టించారో, రేపు ఎవరూ నోరెత్తకుండా పెట్టించారో నాకైతే ఇప్పటికీ అనుమానమే.

ఇక్కడ మా బాపు సంగతి రాయాలి. పత్తి గింజలు కొంటే పంట చేతికొచ్చేదాకా ఖాళీ ప్యాకెట్టూ బిల్లూ పారేయడు, రెగ్జిన్ సంచిలో వేసి దూలానికి తగిలిస్తాడు. ఒక ఏడు నకిలీ విత్తనాలతో మా మండలంలో చాలామంది మునిగారు, బిల్లున్నవాడికే మాట్లాడే అర్హత దొరికింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి బాపుకు తెలియదు, బిల్లు విలువ తెలుసు. నేను హైదరాబాద్ ఎక్కే రోజు ఒక్కటే మాట అన్నాడు: "రసీదు పైలం." అందుకే ముప్పై వేల బిల్లు కోసం రెండు రోజులు అక్క వెంటపడి తీసుకున్నాను. మాలో చాలామందికి ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తప్ప ఏమీ లేదు.

ఆ బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంది. మొదటి రెండూ 36, అంటే తెలంగాణ. ఆంధ్రప్రదేశ్‌దైతే 37 ఉంటుంది. అది జీఎస్టీ పోర్టల్లో కొడితే బోర్డు మీది పేరు కాదు, వేరే ప్రైవేట్ లిమిటెడ్ పేరు వచ్చింది, కూకట్‌పల్లి అడ్రస్‌తో. ఆ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో వెతికితే ఇద్దరు డైరెక్టర్లు తేలారు. ఒకరు మేము "ఎండీ సార్" అనేవాడు, ఇంకొకరు వాళ్ల బావమరిది. రూపాయి ఖర్చు లేదు, అరగంట పని. బోర్డు పేరు మీద కేసు వేసి ఉంటే గాలి మీద వేసినట్టే అయ్యేది.

లాయర్‌ని పెట్టుకోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మన కేసు మనమే చెప్పుకోవచ్చు. కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 5 లక్షల దాకా ఫీజే లేదు. ఒకే రకం నష్టం జరిగినవాళ్లు కలిసి వేయాలంటే సెక్షన్ 35(1)(సి) కింద అనుమతి అడగాలి. మా పదకొండు మందివి కలిపి 13 లక్షల 20 వేలు, 10 నుంచి 20 లక్షల దాకా ఫీజు 400 రూపాయలు. తలా 36 పడింది, మిగిలిన నాలుగు రూపాయలు కడప తమ్ముడు కట్టి ఇప్పటికీ అడుగుతున్నాడు. నేనొక్కదాన్నే అయితే కరీంనగర్‌లోనే వేసుకునేదాన్ని, ఫిర్యాదుదారు ఉండే ఊళ్లో వేసే వీలు ఈ చట్టంలో ఉంది. అందరికీ మధ్యలో అని హైదరాబాద్ అనుకున్నాం.

అందరినీ భయపెట్టిన ప్రశ్న ఒకటుంది: చదువు వినియోగదారుల చట్టం కిందికి వస్తుందా? యూనివర్సిటీల విషయంలో రాదని కోర్టులు చెబుతూ వచ్చాయి. కానీ 2020 జనవరిలో జాతీయ కమిషన్ ఇచ్చిన తీర్పులో విద్యాసంస్థలను పక్కన పెడుతూనే, కోచింగ్ సెంటర్లు విద్యాసంస్థలు కావు, వాటి మీద ఫిర్యాదు చేసుకోవచ్చు అని ఉంది. ఆ పేరా ప్రింట్ తీసి పచ్చ రంగు కొట్టి పెట్టాను. పోయినచోటల్లా అదే చూపించాను.

డిసెంబరులో రిజిస్టర్ పోస్టులో నోటీసులు పంపాం. చట్టం అడగదు కానీ పంపడం మంచిదన్నారు. రెండు కవర్లు "ఇల్లు వదిలి వెళ్లారు" అని వెనక్కొచ్చాయి, వాటిని చించకుండా అలాగే దాఖలు చేశాం. 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-దాఖిల్ పోర్టల్లో ఎక్కించాం. పోర్టల్‌కు రెండున్నర నక్షత్రాలు, పీడీఎఫ్ సైజు దగ్గరే రెండు రాత్రులు పోయాయి. ఇప్పుడు దాని బదులు ఈ-జాగృతి వచ్చింది. వాట్సాప్ స్క్రీన్‌షాట్లకు అప్పటి సాక్ష్య చట్టం కింద 65బి సర్టిఫికెట్ జత చేయాలని మాకు చెప్పింది లాయరు కాదు, మైత్రీవనం వెనక జిరాక్స్ షాపాయన. ఎస్‌క్యూఎల్ నోట్స్ అమ్మింది ఆయనే, కేసు సెట్లకు ఇండెక్స్ పేజీ కుట్టిచ్చిందీ ఆయనే. ఐదు నక్షత్రాలు.

ఎస్‌క్యూఎల్ సారు మాకోసం అఫిడవిట్ ఇచ్చాడు. ఆయనకూ మూడు నెలల జీతం ఎగ్గొట్టారట. పండగ ముందు దాకా కొత్త అడ్మిషన్లు తీసుకోమని పైనుంచి ఒత్తిడి ఉందని రాసి సంతకం పెట్టాడు.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు విచారణకు రాలేదు. పేపర్లో ప్రకటన వేశాక కూడా రాలేదు. ఎక్స్‌పార్టీ, అంటే వాళ్లు లేకుండానే విచారణ. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, మాకు పదమూడు నెలలు పట్టింది. 2025 మార్చిలో ఆర్డర్: కట్టిన ఫీజు 9 శాతం వడ్డీతో, తలా పది వేల పరిహారం, ఐదు వేల ఖర్చులు, 45 రోజుల్లో. ఫైనాన్స్ కంపెనీని రెండో ప్రతివాదిగా పెట్టాం, దాని మీద మాత్రం కొట్టేశారు. లోన్ వేరే ఒప్పందం అన్నారు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను సిబిల్‌కి భయపడి పన్నెండు కిస్తులూ కట్టేశాను, లేని కోర్సుకు. ఖమ్మం అన్న ఆపేశాడు, రికవరీ వాళ్లు వాళ్ల అమ్మకు ఫోన్లు చేశారు, బండి లోన్ కూడా రాలేదు. ఇద్దరిలో ఎవరిది తెలివైన పనో నేను చెప్పలేను.

ఆర్డర్ చేతిలో ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. అమలు పిటిషన్ వేశాం, సెక్షన్ 72 కింద. ఆర్డర్ ఖాతరు చేయకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. వారంట్ దాకా వచ్చాక ఎండీ సార్ దొరికాడు. జూబ్లీహిల్స్‌లో కొత్త పేరుతో ఏఐ కోర్సులు పెట్టే పనిలో ఉన్నాడట. నన్ను గుర్తుపట్టి "ఎలా ఉన్నావమ్మా, ప్లేస్ అయ్యావా?" అన్నాడు. కోర్టు హాల్లో! "అయ్యాను సార్, మీ గోడ మీద నా ఫొటో పెట్టకండి" అన్నాను.

ఇప్పటిదాకా నాకు రెండు డీడీల్లో యాభై వేలు వచ్చింది. అందరికీ దాదాపు అంతే.

కొత్తగా చేరబోయేవాళ్లకు ఒకటి. మాకు పనికిరాలేదు గానీ మీకు పనికొస్తుంది: 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అని తప్పుడు హామీలివ్వకూడదు, ఉద్యోగం వచ్చాక రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఎవరి ఫొటో వాడకూడదు. గోడ మీది ఫొటోలు చూపించి "వీళ్ల సమ్మతి ఉందా?" అని అడగండి. అడిగితే కుర్చీలో ఎలా కదులుతారో చూడొచ్చు.

నా ఐదు నక్షత్రాలు ఒకటికి తగ్గించాలని చూశాను. ఆ ఒక్కటి సారుకు. తర్వాతి వాయిదా నెలాఖరున, ఈసారి సెలవు పెట్టే వంతు కడప తమ్ముడిది. నాలుగు రూపాయలు ఆ రోజే ఇచ్చేస్తానని చెప్పాను.