రెస్ట్ అష్యూర్డ్ రివ్యూ: కొత్త రికార్డు సృష్టించే ఏపీఐ టెస్టులకు ఎంతవరకు పనికొస్తుంది?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సెలీనియం (బ్రౌజర్ టెస్టుల టూల్) అయ్యాక ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే మార్గం) టెస్టింగ్ అనగానే వినబడే పేరు రెస్ట్ అష్యూర్డ్. జొహాన్ హాలెబీ రాసిన ఈ జావా లైబ్రరీ 2010 నుంచి ఉంది. అపాచీ 2.0 లైసెన్సు కాబట్టి పైసా కట్టనక్కర్లేదు. 5వ సిరీస్ వెర్షన్లకు జావా 8 ఉంటే చాలు.

ఈ రివ్యూ ఒక్క పనికే పరిమితం: సర్వర్‌కు కొత్త డేటా పంపే పోస్ట్ రిక్వెస్టుతో రికార్డు సృష్టించే టెస్టులు. ఉన్నది చదివే గెట్ టెస్టు వందసార్లు నడిపినా డేటాబేస్‌లో ఏమీ కదలదు. పోస్ట్ టెస్టు నడిచిన ప్రతిసారీ అక్కడ ఒక రికార్డు మిగిలిపోతుంది. ఆ మిగిలినదాని సంగతి లైబ్రరీ చూసుకోదు, టెస్టు రాసేవాళ్లే చూసుకోవాలి.

ఉదాహరణకి డెలివరీ యాప్‌లో కస్టమర్ చిరునామా చేర్చే ఏపీఐని తీసుకుందాం. హైదరాబాద్ చిరునామాకు మించిన టెస్ట్ డేటా దొరకదు. ఇంటి నంబరులోనే హైఫన్లు, స్లాషులు ఉంటాయి. దాని పక్కన "పోచమ్మ గుడి ఎదురు సందు" అని తెలుగులో గుర్తు, ఆరంకెల పిన్‌కోడ్, మ్యాప్ నుంచి వచ్చిన అక్షాంశ రేఖాంశాలు. ఇన్ని రకాలు ఒకే రికార్డులో ఉంటే లైబ్రరీ బలం, లోపం రెండూ బయటపడతాయి.

పెట్టుకోవడం తేలికే. మేవెన్ (లైబ్రరీల్ని తెచ్చి ప్రాజెక్టు కట్టే టూల్) ఫైల్లో దీన్ని జేయూనిట్ (జావా టెస్టులు నడిపే లైబ్రరీ) కంటే పైన రాయాలి, అప్పుడే సరైన హ్యామ్‌క్రెస్ట్ (విలువల్ని పోల్చే లైబ్రరీ) వెర్షన్ లోడ్ అవుతుంది. ఆబ్జెక్టుల్ని జేసన్‌గా (ఏపీఐలు డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) మార్చడానికి జాక్సన్ లైబ్రరీని గానీ జీసన్‌ని గానీ జతచేయాలి. టైమౌట్లు మనమే పెట్టుకోవాలి. లేదంటే సర్వర్ జవాబివ్వనప్పుడు బిల్డ్ అలాగే వేలాడుతుంది.

మొదటి దెబ్బ కంటెంట్ టైప్ (పంపే డేటా ఏ రూపంలో ఉందో చెప్పే హెడర్) దగ్గర తగులుతుంది. బాడీని (పంపే డేటాని) స్ట్రింగ్‌గా ఇచ్చి కంటెంట్ టైప్ మరిచిపోతే అది మామూలు టెక్స్ట్‌గా వెళ్తుంది, జేసన్ మాత్రమే తీసుకునే సర్వర్ 415 (ఈ రూపం తీసుకోను) ఇస్తుంది. పైగా అలాంటి టెక్స్ట్‌కు డీఫాల్ట్ ఎన్‌కోడింగ్ ఐఎస్ఓ-8859-1, అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు. పోచమ్మ గుడి కాస్తా ప్రశ్నార్థకాల వరుస అవుతుంది. రిక్వెస్ట్ స్పెక్ బిల్డర్‌లో (రిక్వెస్టుల ఉమ్మడి సెట్టింగులు రాసే చోటు) జేసన్, యూటీఎఫ్-8 అని ఒక్కసారి రాసి, టెస్టులన్నీ దాన్నే వాడేలా చూడాలి.

తర్వాతి చిక్కు అంకెలది. జవాబులోని దశాంశ సంఖ్యల్ని ఈ లైబ్రరీ డీఫాల్ట్‌గా ఫ్లోట్‌గా (తక్కువ కచ్చితత్వం ఉన్న దశాంశ రకం) చదువుతుంది. చార్మినార్ అక్షాంశం 17.3616తో పోల్చితే, రెండూ ఒకటే అయినా టెస్టు ఫెయిల్! మనం రాసింది డబుల్ (ఎక్కువ కచ్చితత్వం ఉన్న రకం), వచ్చింది ఫ్లోట్. మన సంఖ్య చివర ఎఫ్ చేర్చి ఫ్లోట్ చేస్తే పాస్ అవుతుంది, కానీ డబ్బు విషయంలో ఆ దారి పట్టకూడదు. 1,31,072 దాటాక పక్కపక్క ఫ్లోట్ విలువల మధ్య దూరమే 0.0156. అంటే లక్షా ముప్పై ఒక్క వేలు దాటిన బిల్లులో ఒక పైసా తేడా టెస్టుకు కనబడకపోవచ్చు. జేసన్ కాన్ఫిగ్‌లో బిగ్ డెసిమల్ (దశాంశాల్ని కచ్చితంగా ఉంచే రకం) ఎంచుకోవడమే సరైన మందు. ఐడీల దగ్గరా ఇదే తంతు: చిన్న ఐడీ ఇంటీజర్‌గా వస్తుంది, పెద్ద సంఖ్యల రకమైన లాంగ్‌తో పోల్చితే ఫెయిల్.

అసలు గండం మాత్రం అందరూ మెచ్చుకునే గివెన్-వెన్-దెన్ (ఇచ్చినవి, చేసిన పని, రావాల్సిన ఫలితం వరుసగా రాసే పద్ధతి) గొలుసులోనే ఉంది. స్టేటస్ 201 (రికార్డు పుట్టింది) అని, పిన్‌కోడ్ ఫలానా అని చూసి, చివర్లో ఐడీ ఎక్స్‌ట్రాక్ట్ చేయడం మామూలుగా కనిపించే పద్ధతి. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పిన్‌కోడ్ అసర్షన్ (అంచనాతో పోల్చే తనిఖీ) ఫెయిలైతే గొలుసు అక్కడే తెగుతుంది, ఐడీ చేతికి రాదు, రికార్డు డేటాబేస్‌లో అనాథగా ఉండిపోతుంది. మర్నాడు అదే మొబైల్ నంబరుతో నడిపితే 409 (ఇది ఇప్పటికే ఉంది). నిన్నటి తప్పు ఇవాళ వేరే టెస్టు మీద పడుతుంది, అసలు కారణం వెతకడానికి పూట పడుతుంది. అందుకే వరుస మార్చాలి: ముందు రెస్పాన్స్ మొత్తం తీసుకోవాలి, అందులో ఐడీ ఉంటే తుడిచే జాబితాలో వేయాలి, ఆ తర్వాతే అసర్షన్లు. తుడిచే పని ప్రతి టెస్టు తర్వాతా నడిచే ఆఫ్టర్ ఈచ్‌లో ఉండాలి. తప్పు డేటా పంపి 400 రావాల్సిన టెస్టులోనూ ఇదే వరుస పాటించాలి. సర్వర్ పొరపాటున 201 ఇచ్చిందంటే అక్కడా రికార్డు పుట్టినట్టే.

మొబైల్ నంబర్లు యాదృచ్ఛికంగా పుట్టించేటప్పుడు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే ఏ పదంకెల నంబరైనా నిజంగా ఎవరిదో అయి ఉండొచ్చు. టెస్ట్ సర్వర్‌లో ఎస్ఎంఎస్ గేట్‌వే బదులు వైర్‌మాక్ లాంటి నకిలీని పెట్టకుండా ఈ టెస్టులు నడపకూడదు. ఎవరి ఫోనుకో అర్ధరాత్రి ఓటీపీలు వెళ్లడం చిన్న విషయం కాదు.

201 వచ్చిందంటే రికార్డు సరిగ్గా చేరినట్టు కాదు. జవాబులోని లొకేషన్ హెడర్ (కొత్త రికార్డు యూఆర్ఎల్) పట్టుకుని గెట్ చేసి, పంపిన ప్రతి ఫీల్డూ తిరిగొచ్చిందో లేదో చూడాలి. ఆ యూఆర్ఎల్‌లో ముందే ఎన్‌కోడ్ అయిన (ఖాళీ బదులు %20 లాంటి) అక్షరాలుంటే లైబ్రరీ వాటిని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది: %20 కాస్తా %2520 అయి 404 రావచ్చు. ఆ ఒక్క కాల్‌కు యూఆర్ఎల్ ఎన్‌కోడింగ్ ఆపేయాలి.

ఫీల్డు లేకపోవడం, నల్ (విలువ లేదన్న గుర్తు) రావడం, ఖాళీ స్ట్రింగ్ రావడం: మూడూ వేర్వేరు కేసులు. క్లాస్ ఆబ్జెక్టు పంపితే జాక్సన్ డీఫాల్ట్‌గా విలువ పెట్టని ఫీల్డును నల్‌గా రాసి పంపుతుంది, "ఫీల్డు లేదు" అన్న కేసు ఎప్పటికీ పరీక్షకే రాదు. వీటికి హ్యాష్‌మ్యాప్ (కీ-విలువ జతల పట్టిక) వాడి కీని తీసేయడం మేలు. మ్యాప్ డాట్ ఆఫ్‌తో కట్టిన మ్యాప్ అయితే నల్ పెట్టనివ్వదు, ఎక్సెప్షన్ వేస్తుంది.

సృష్టించిన తేదీని "ఇవాళ" అని పోల్చే టెస్టులు పగలంతా పాసై, రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 మధ్య ఫెయిలవుతుంటే కారణం ఒకటే: సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక) ఉంది, టెస్టు మన టైములో ఉంది. రెండు క్షణాల మధ్య తేడా చూడాలి తప్ప తేదీల్ని పోల్చకూడదు.

బేస్ యూఆర్ఐ (ఏపీఐ మూల అడ్రసు) లాంటివి స్టాటిక్‌గా (అన్ని టెస్టులకూ ఒకే కాపీగా) ఉండటం ఈ లైబ్రరీలో నిజమైన డిజైన్ లోపం. టెస్టుల్ని సమాంతరంగా నడిపితే ఒకదాని సెట్టింగ్ ఇంకోదానికి అంటుకుంటుంది. ప్రతి టెస్టుకూ సొంత స్పెక్ ఇస్తే తప్పుతుంది. స్కీమా (జేసన్ ఎలా ఉండాలో చెప్పే నమూనా) తనిఖీకి విడి మాడ్యూల్ ఉంది గానీ అది జేసన్ స్కీమా డ్రాఫ్ట్ 3, 4 వెర్షన్ల దగ్గరే ఆగింది.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. ఒకే బాడీ కాల్‌లో అన్ని అంచనాలూ రాస్తే, మొదటిది తప్పినా మిగతావి చూసి అన్నిటినీ కలిపి చెబుతుంది. ఫెయిలైనప్పుడే లాగ్ చూపించే సదుపాయం బిల్డ్ లాగును శుభ్రంగా ఉంచుతుంది, అందులో ఆథరైజేషన్ హెడర్‌ను దాచొచ్చు కూడా.

టీమ్ జావాలో పనిచేస్తుంటే నిస్సందేహంగా తీసుకోండి. ఏపీఐ ఇంకా రోజూ మారుతుంటే ముందు కోడ్ రాయకుండానే ఏపీఐల్ని పిలిచే పోస్ట్‌మ్యాన్ టూల్‌లో తడిమి చూసి, నిలకడ వచ్చాక ఇటు రావడం నయం. పైథాన్ టీమ్ అయితే దీనికోసం జావా నేర్చుకోనక్కర్లేదు. పైటెస్ట్ (పైథాన్ టెస్ట్ లైబ్రరీ) ఫిక్స్చర్‌లో (టెస్టుకు ముందూ వెనకా నడిచే కోడ్) యీల్డ్ తర్వాత డిలీట్ రాస్తే టెస్టు ఫెయిలైనా రికార్డు తుడిచిపోతుంది.