గామా అల్యూమినా గుళికలు: ఆల్కహాల్ నుంచి ఇథిలీన్ తయారీలో ఏళ్ల వాడకం తరువాత

చెరకు మడ్డి నుంచి వచ్చే ఆల్కహాల్‌ను, అంటే ఇథనాల్‌ను, ప్లాస్టిక్‌లకు ముడిసరుకైన ఇథిలీన్ వాయువుగా మార్చే యూనిట్‌లో ఉత్ప్రేరకపు బెడ్ల (గుళికలు నింపిన పొరల) బాధ్యత చాలా కాలంగా నాది. మా ప్రధాన రియాక్టర్‌లో వాడేది గామా అల్యూమినా (ఒక రకం అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు. సన్నని రంధ్రాలుండే జియోలైట్ అనే ఖనిజ రకాన్ని చిన్న ప్రయోగాత్మక (పైలట్) రియాక్టర్‌లో నడిపి చూశాము. పక్క విభాగంలో ఎసిటాల్డిహైడ్ కోసం రాగి ఉత్ప్రేరకం నడుస్తుంది. మూడింటి తీరూ దగ్గర నుంచి చూసినవాడిగా నేను చెప్పేది ఒక్కటే: పరిశోధన పత్రాలలో పాతబడినదిగా కనిపించే అల్యూమినాయే, మన డిస్టిలరీల నుంచి వచ్చే సరుకుతో, రాత్రి షిఫ్టులో కూడా నమ్మదగినదిగా నిలుస్తుంది.

పాతదనడంలో అబద్ధమేమీ లేదు. వేడిచేసిన బంకమట్టి మీదుగా ఆల్కహాల్ ఆవిరిని పంపి ఇథిలీన్‌ను రాబట్టడం 1790లలోనే డచ్ రసాయనవేత్తలు చేశారు. మన దేశంలో కాశీపూర్‌లోని ఇండియా గ్లైకాల్స్ మడ్డి ఆల్కహాల్ ఆధారంగా ఇథిలీన్, దాని నుంచి గ్లైకాల్ తయారు చేసింది. బ్రెజిల్‌లోని ట్రియుంఫోలో బ్రాస్కెమ్ సంస్థ 2010లో ఏడాదికి 2 లక్షల టన్నుల సామర్థ్యంతో చెరకు ఇథిలీన్ కర్మాగారాన్ని ప్రారంభించింది.

ఇథనాల్ అణువు నుంచి ఒక నీటి అణువు విడిపోతే ఇథిలీన్ మిగులుతుంది. ఆ పనిని అల్యూమినా ఉపరితలం మీది ఆమ్ల స్థానాలు చేస్తాయి. అయితే ఈ చర్య మోలుకు సుమారు 45 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది కాబట్టి, ఆల్కహాల్ ఆవిరి తగిలిన చోటల్లా బెడ్ చల్లబడుతుంది. ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెల్సియస్ దిగువకు జారితే ఇథిలీన్‌కు బదులు డైఇథైల్ ఈథర్ పెరుగుతుంది. మరీ పైకి పోతే ఎసిటాల్డిహైడ్, కోక్ (గుళికల మీద పేరుకునే కర్బన మసి) ఎక్కువవుతాయి. మాది కరిగిన లవణంతో వేడిచేసే గొట్టాల రియాక్టర్. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఉన్న గొట్టం సంగతి తెరమీద కనిపిస్తుంది గాని, అది లేని గొట్టాల సంగతి చెప్పేది, వాయువులో ఏది ఎంత ఉందో చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోని ఈథర్ శిఖరమే. ఉష్ణోగ్రతలన్నీ సక్రమంగా కనిపిస్తూ ఈథర్ మాత్రం పెరుగుతూ ఉంటే, కొన్ని గొట్టాలలోకి వాటికి మించిన ప్రవాహం పోతున్నదేమోనని ముందు అనుమానిస్తాము.

అందువల్ల గుళికలు నింపే రోజు మీదనే తరువాతి కాలమంతా ఆధారపడి ఉంటుంది. గుళికలను జల్లెడ పట్టి పొడి తీసివేసి, గుడ్డ గొట్టం ద్వారా నెమ్మదిగా దింపి, నింపిన ప్రతి గొట్టంలోనూ గాలి పంపి పీడన నష్టాన్ని కొలిచి, తేడా వచ్చిన గొట్టాన్ని ఖాళీ చేసి మళ్లీ నింపుతాము. విసుగు పుట్టించే పని. కాంట్రాక్టరు మనుషులు ఎంత తొందరపెట్టినా దీన్ని మాత్రం వదలకూడదు.

ఈ ఉత్ప్రేరకంలో నాకు బాగా నచ్చిన గుణం, నీటికి బెదరకపోవడం. చర్యలోనే నీరు పుడుతుంది కనుక ఆల్కహాల్‌ను పూర్తిగా నిర్జలం చేయనవసరం లేదు. కొంత నీరు మిగిలి ఉండే మామూలు రెక్టిఫైడ్ స్పిరిట్ సరిపోతుంది, ఆ నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్‌లకయ్యే ఖర్చు తప్పుతుంది. పైగా కొంత నీటి ఆవిరి కలిపి పంపితే కోక్ తగ్గుతుంది, బెడ్‌కు వేడి కూడా అందుతుంది. రెండవ గుణం గంధకాన్ని తట్టుకోవడం. మన చక్కెర మిల్లులలో ఎక్కువ భాగం చెరకు రసాన్ని సల్ఫర్ డయాక్సైడ్‌తో శుద్ధి చేస్తాయి. దాని జాడలు మడ్డిలోకి, అక్కడి నుంచి గంధక సమ్మేళనాలుగా స్పిరిట్‌లోకి చేరవచ్చు. పక్క విభాగంలోని రాగికి అదే విషం. గంధకం ఎక్కువున్న ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ వారి దిగుబడి పడిపోయేది, మా బెడ్ మాత్రం యథావిధిగా నడిచేది. అల్యూమినాకు సరిపడనివి వేరే ఉన్నాయి: సోడియం, అమైన్‌ల వంటి క్షార పదార్థాలు. అవి ఆమ్ల స్థానాలను మూసివేస్తాయి. నీటి శుద్ధి సరిగా లేని బాయిలరు నుంచి ఆవిరితో పాటు కొట్టుకువచ్చే నీటి తుంపరలు ఈ విషయంలో ఆల్కహాల్ కంటే ఎక్కువ ప్రమాదకరం.

జియోలైట్ సంగతి చెప్పాలి. హెచ్-జెడ్ఎస్ఎమ్-5 అనే జియోలైట్ రకం 250 డిగ్రీల ప్రాంతంలోనే చక్కని మార్పిడినిచ్చింది, ఇంధనం ఆదా అవుతుందని అందరం సంబరపడ్డాము. కానీ దాని బలమైన ఆమ్ల స్థానాలు ఇథిలీన్‌ను అక్కడితో వదలవు. అణువులను ఒకదానికొకటి కలుపుతూ పోయి, సన్నని రంధ్రాలను కోక్‌తో పూడ్చివేస్తాయి. బయటకు తీసిన గుళికలు మిరియాల్లా నల్లగా ఉండేవి. విరిచి చూస్తే లోపల కూడా అదే నలుపు. భాస్వరంతో మార్పు చేసిన రకం కొంత మెరుగు. అయినా మాటిమాటికీ కోక్‌ను కాల్చి పునరుజ్జీవనం చేయవలసి వచ్చే బెడ్‌ను నడపాలంటే రెండవ రియాక్టర్ కావాలి, ఆ లెక్క వేసినప్పుడు ఇంధనంలో మిగిలినది అక్కడికే సరిపోయింది.

అల్యూమినాకు కూడా కోక్ పడుతుంది, నెమ్మదిగా. దాన్ని కాల్చడానికి ముందు ఆవిరితో ఆల్కహాల్‌ను తరిమివేసి, తరువాత ఆక్సిజన్ 1 శాతం దగ్గర ఉండేలా గాలి కలిపి, మంట వేడి ఒక్కొక్క థర్మోకపుల్‌ను దాటుకుంటూ కిందికి దిగడాన్ని గమనిస్తూ, ఎక్కడా 550 డిగ్రీలు దాటనివ్వకుండా సాగిస్తాము. వేడి హద్దు మీరితే, అందులోనూ ఆవిరి సమక్షంలో, గ్రాముకు 200 చదరపు మీటర్ల ప్రాంతంలో ఉండే ఉపరితలం కుంచించుకుపోతుంది. అది తిరిగి రాదు.

లోపాలు లేవని కాదు. వెలువడే నీటిలో ఈథర్, ఎసిటాల్డిహైడ్, కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిసి ఉంటాయి. ఆ పైపులకు మామూలు ఉక్కు పనికిరాదు. వాయువును క్షారంతో కడిగే కాస్టిక్ టవరులో ఎసిటాల్డిహైడ్ కూడుకుని జిగురు నూనెగా పేరుకుంటుంది, దాన్ని క్రమం తప్పక తీసివేయాలి. ఇక, సిద్ధాంతరీత్యా చూసినా టన్ను ఇథిలీన్‌కు 1.64 టన్నుల ఇథనాల్ పోయాలి. ఎంత మంచి ఉత్ప్రేరకమైనా ఈ అంకెను తగ్గించలేదు. పెట్రోలులో ఇథనాల్ కలపడం 20 శాతానికి చేరిన తరువాత ఆల్కహాల్ కోసం పోటీ పెరిగింది, ఆ భారం ఉత్ప్రేరకం ధర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కొత్తగా కొనేవారు సరఫరాదారు పంపే కాగితంలో ఉపరితల వైశాల్యాన్ని చూసి మురిసిపోకుండా, ముందు సోడియం శాతాన్ని, నలుగుడు బలాన్ని, గుళికల పరిమాణంలోని తేడాను అడగాలి. వచ్చిన సరుకులో అడుగున ఉన్న డ్రమ్ములను కూడా తెరిపించి, పొడి ఎంత ఉందో జల్లెడ పట్టి చూసిన తరువాతే రసీదు మీద సంతకం చేయాలి.