ఏదుపంది ఆత్మరక్షణ: ముళ్ల గలగలా, వెనుకపోటా?

చిరుత ఎదురైనప్పుడు మన అడవుల్లోని ఏదుపందికి రెండు దారులుంటాయి: ముళ్లు నిక్కించి బెదిరించడం, లేదా వెనక్కి దూసుకెళ్లి పొడవడం.

బెదిరింపుకు ఖర్చు దాదాపు లేదు. చర్మం కింది కండరాలు బిగిస్తే ముళ్లు లేచి ఒళ్లు పెద్దదిగా కనిపిస్తుంది, తోక చివరి బోలు ముళ్లు ఎండుకాయలో గింజల్లా గలగలమంటాయి. ఆకలిమీదున్న మృగం మాత్రం దానికి జంకకపోవచ్చు.

పోటుకు శ్రమా, ప్రమాదమూ ఎక్కువ. ముళ్లను బాణాల్లా విసురుతుందన్న మాట నిజం కాదు. వీపు వెనుకభాగంలోని పొట్టి, గట్టి ముళ్లు తగిలితేనే దిగి, ఊడి, శత్రువు ఒంట్లో ఉండిపోతాయి. పంజాలోనో దవడలోనో విరిగిన ముల్లు చీముపట్టి పులినైనా వేటకు పనికిరాకుండా చేయగలదు. ఊడినవి మళ్లీ మొలుస్తాయి గానీ, ముఖానికి ఆ రక్షణ లేదు.

శత్రువు దూరంగా తటపటాయిస్తుంటే గలగల చాలు. మీదికే వస్తే వెనుకపోటే దిక్కు.