.500 మాగ్నమ్ అక్కర్లేదు, .44 చాలు: అలాస్కా నుంచి ఒక సమీక్ష

సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదే కాలంలో కీనై నది ఒడ్డుకు వెళితే, గాలం పట్టుకున్న చాలామంది ఛాతీ మీద తోలు ఒరలో పెద్ద రివాల్వర్ కనిపిస్తుంది. ఆ చేపల కోసమే ఎలుగుబంట్లు కూడా అదే ఒడ్డుకు వస్తాయి మరి. నేను ఆంకరేజ్‌లో స్థిరపడ్డాక, ఇక్కడికి వచ్చే తెలుగు మిత్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. చేతి తుపాకుల్లో అన్నిటికన్నా బలమైన తూటా ఏది, అదే కొనుక్కుంటే సరిపోతుంది కదా అని. మొదటి సగానికి జవాబు తేలిక, అందరూ చెప్పేది .500 మాగ్నమ్. రెండో సగం కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను.

బలాన్ని అందరూ జౌళ్లలోనో, అమెరికా పద్ధతిలో అడుగు-పౌండ్లలోనో చెబుతారు. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, తేలికైన గుండును, అంటే తూటా నుంచి బయటికి ఎగిరే లోహపు ముక్కను, వేగంగా పంపితే అంకె ఘనంగా కనిపిస్తుంది. తూటా పేరులోని అంకె గుండు వ్యాసాన్ని సుమారుగా అంగుళాల్లో చెబుతుంది, మాగ్నమ్ అంటే బలం పెంచిన రకం. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ సుమారు 10 గ్రాముల గుండును సెకనుకు 375 మీటర్ల వేగంతో పంపుతుంది. శక్తి 700 జౌళ్ల పైచిలుకు. 1870ల నాటి .45 కోల్ట్ 16.5 గ్రాముల గుండును 260 మీటర్ల వేగంతో నింపాదిగా తోస్తుంది. శక్తి 560 జౌళ్ల దగ్గరే ఆగుతుంది. అంకెల ప్రకారం .357దే పైచేయి. అదే బరువును వేగంతో గుణించి ద్రవ్యవేగం చూడండి, .45 కోల్ట్ ముందుంటుంది. దళసరి తోలు, కొవ్వు, కండ, ఎముక దాటి లోపలికి వెళ్లాలంటే గుండు బరువూ గట్టిదనమూ మొన ఆకారమూ లెక్కలోకి వస్తాయి. పెట్టె మీది ఒక్క అంకెను చూసి తూటా కొనవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

.45 కోల్ట్ తూటాలో మందు నిండే తొడుగునే పదోవంతు అంగుళం పొడిగించి, గోడలు బలపరిచి, యూటాకు చెందిన తుపాకుల తయారీదారు డిక్ కసుల్ 1950ల చివర్లో .454 కసుల్ తయారు చేశాడు. పాత .45 కోల్ట్‌కు అనుమతించిన పీడనం 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే దీనికి 65,000. 19 గ్రాముల గుండు సెకనుకు 495 మీటర్ల వేగంతో బయటపడుతుంది, శక్తి 2,400 జౌళ్ల దగ్గర ఉంటుంది. మన సైన్యంలోని ఇన్సాస్ రైఫిల్ తూటా కన్నా ఇది ఎక్కువ. అద్భుతమైన తూటా, ఒప్పుకుంటాను. పైగా అదే రివాల్వర్‌లో మెత్తని .45 కోల్ట్ కూడా పేల్చుకోవచ్చు. అయితే దాని మోత చాలా పదును. చెవి లోపల పెట్టుకునే రక్షణ మీద బయటి మూతలు కూడా తగిలించుకుంటే గాని నేను దాని జోలికి వెళ్లను.

ఇక అందరి కళ్లూ ఉండే .500 స్మిత్ అండ్ వెస్సన్ మాగ్నమ్. 2003లో వచ్చింది. గుండు వ్యాసం అర అంగుళం. 440 గ్రెయిన్ల గుండు, అంటే 28.5 గ్రాములు, అదే 495 మీటర్ల వేగంతో వెళుతుంది. శక్తి సుమారు 3,500 జౌళ్లు, ద్రవ్యవేగం .44 మాగ్నమ్ మామూలు తూటాకు రెండున్నర రెట్లు. దాన్ని మోయడానికి కంపెనీ ప్రత్యేకంగా ఎక్స్-ఫ్రేమ్ అనే పెద్ద చట్రం చేసింది. సిలిండర్‌లో అయిదు తూటాలే పడతాయి. పొడవాటి బ్యారెల్ రకం రెండు కిలోల బరువు ఉంటుంది.

ఒక మిత్రుడిది తీసుకుని రాబిట్ క్రీక్ షూటింగ్ పార్క్‌లో పేల్చాను. ట్రిగ్గర్ లాగిన క్షణంలో మొదట తెలిసేది ఛాతీకి తగిలే గాలి దెబ్బ. బ్యారెల్ చివరి రంధ్రాల నుంచి మంట పక్కలకు ఎగజిమ్మి, బెంచీ మీది కాగితాలు లేచిపోయాయి. రివాల్వర్ నా నుదుటి ఎత్తుకు వెళ్లింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న చర్మం ఎర్రబడింది. ఆశ్చర్యమేమిటంటే గురి బాగానే కుదిరింది, తుపాకీ అంత కచ్చితమైనది. కాని తిరిగి గురి మీదకు వచ్చేసరికి చాలా సమయం పట్టింది. ఎలుగుబంటి గంటకు 50 కిలోమీటర్ల పైబడిన వేగంతో పరుగెత్తగలదు. ఆ లెక్కన ఒక్క సెకనులో 14 మీటర్లు వస్తుంది. రెండో తూటాకు అవకాశం ఇవ్వని బలం నా దృష్టిలో సగం బలమే. పైగా ఒక్కో తూటా రెండు మూడు డాలర్లకు తగ్గదు. ఆ ధరకు ఎవరు సాధన చేస్తారు?

.44 మాగ్నమ్ దగ్గరకు వచ్చేసరికి అన్నీ ఒక తూకంలో కుదురుతాయి. ఐడహోకు చెందిన తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ అంతకు ముందున్న .44 స్పెషల్ తూటాలో మందు దట్టించి ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు, తయారీదారుల మీద తెచ్చిన ఒత్తిడి ఫలించి 1950ల మధ్యలో ఇది పుట్టింది. 240 గ్రెయిన్ల గుండు నాలుగు అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు దాదాపు 360 మీటర్ల వేగంతో వస్తుంది, శక్తి సుమారు 1,000 జౌళ్లు. .500లో మూడోవంతు కూడా లేదు కదా అంటారు. నిజమే. కాని సీసాన్ని తగరం, అంటిమనీ కలిపి గట్టిగా పోతపోసిన చదును మొన గుండు ఈ వేగంతోనే చాలా లోతుకు దిగుతుంది. లోపల విచ్చుకునే బోలు మొన గుండు పైపైనే ఆగిపోవచ్చు. ఎలుగుబంటి విషయంలో పుర్రెనో వెన్నునో చేరడమే ముఖ్యం కాబట్టి నేను గట్టి పోత గుండ్లే నింపుతాను.

నా దగ్గరున్న .44 రివాల్వర్ స్టెయిన్‌లెస్ స్టీల్ స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 629, నాలుగు అంగుళాలది. బరువు దాదాపు 1.2 కిలోలు. రోజంతా ఛాతీ ఒరలో ఉన్నా మెడ నొప్పి పుట్టదు. సాధనకు 1907 నాటి .44 స్పెషల్ తూటాలు వాడతాను. అవి ఇందులో చక్కగా సరిపోతాయి, వెనక్కి తన్నే దెబ్బ సగానికి సగం తగ్గుతుంది. చేతికి చెడ్డ అలవాటు పట్టకుండా చివర్లో కొన్ని మాగ్నమ్ తూటాలు పేలుస్తాను. స్పెషల్ తూటాలు పేల్చాక సిలిండర్ గదుల్లో మసి వలయం కడుతుంది. దాన్ని ఇత్తడి బ్రష్షుతో రుద్ది తీస్తే గాని మాగ్నమ్ తూటాలు సాఫీగా దిగవు.

తేలిక కదా అని ముప్పావు కిలో బరువున్న .44లు కొనేవారికి ఒక హెచ్చరిక. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. ఆ కుదుపుకు ఇంకా పేలని తూటాల్లోని గుండ్లు తొడుగుల నుంచి ముందుకు జారవచ్చు. ఒక పరిచయస్తుడి రివాల్వర్‌లో అదే జరిగింది. చివరి తూటా గుండు సిలిండర్ ముందు భాగం నుంచి పొడుచుకొచ్చి చట్రానికి తట్టుకుంది, సిలిండర్ తిరగలేదు. కాల్పుల మైదానంలో కాబట్టి సరిపోయింది. మీరు వాడబోయే తూటాలు మీ తుపాకీలో నిలుస్తాయో లేదో ముందే పరీక్షించుకోండి. అయిదు పేల్చి, ఆరోదాని పొడవు కొలిస్తే తెలిసిపోతుంది.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలే కావాలనుకునేవారికి 10 మిల్లీమీటర్ల తూటా మంచి మార్గం. గ్రీన్‌లాండ్‌లో గస్తీ తిరిగే డెన్మార్క్ సిరియస్ దళం ధ్రువపు ఎలుగుల భయానికి ఈ తూటా వాడే గ్లాక్ 20 పిస్తోలునే మోస్తుంది. ఒక్కో తూటా .44 అంత బలం కాకపోయినా పదిహేను తూటాలు పడతాయి, గురికి త్వరగా తిరిగి వస్తుంది. రివాల్వర్ అలవాటు లేనివారికి నేను దీన్నే సిఫారసు చేస్తాను.

తుపాకీ ఏదైనా బెల్టుకు ఎలుగులను తరిమే మిరప ఘాటు స్ప్రే డబ్బా తప్పదు. అలాస్కా ఘటనలను పరిశీలించి 2008లో వెలువడిన అధ్యయనంలో ఆ స్ప్రే గోధుమ ఎలుగులను 90 శాతానికి పైగా సందర్భాల్లో ఆపింది. ఆత్మరక్షణలో ఎలుగును చంపాల్సి వస్తే గోళ్లతో సహా చర్మాన్ని, పుర్రెను ఒలిచి రాష్ట్రానికి అప్పగించాలి, ఘటనను తెలియజేయాలి. ఇక వీసా మీద ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. హెచ్-1బి వంటి వలసేతర వీసా ఉన్నవారికి తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప. మిత్రుడి తుపాకీ అరువు తీసుకునే ముందే ఈ సంగతి న్యాయవాదిని అడిగి తేల్చుకోండి.